చెవిటి ఓబెద్ ఆమెన్

ఉపవాసాల శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం దగ్గరపడుతోందంటే రెవరెండ్ ఆంబ్రోస్ కార్బెల్ గారికి నిద్ర పట్టేది కాదు. మిగతా ఏడాదంతా ఆయన బాగానే ఉండేవాడు. వర్జీనియాలో ఉప్పుటేరు ఒడ్డున, పొగాకు చేల మధ్య ఇటుకల చర్చి. దాన్ని ఆనుకుని అయ్యగారి పోషణకు చర్చి ఇచ్చిన మాన్యం. మాన్యాన్ని ఆనుకుని ఆయన సొంతంగా కొంటూ, కలుపుకుంటూ పోయిన భూమి. ఆదివారం ప్రసంగం, సోమవారం నుంచి శనివారం దాకా సేద్యం. ప్రసంగం కన్నా పొగాకే బాగా పండిస్తాడని జనం వెనకాల అనుకునేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడేది. పడినందుకు ఆయనేమీ బాధపడలేదు.

భస్మ బుధవారం నాడు శాపాలు చదవాలి. ఇంగ్లండు చర్చి ఆచారం అది. అయ్యగారు నిలబడి ఒక్కొక్క పాపం పేరు చెప్పి, అది చేసినవాడికి శాపం తగులుతుందని చదువుతాడు. చదివినప్పుడల్లా సభంతా ఆమెన్ అంటుంది. విగ్రహం చేసుకున్నవాడికి, ఆమెన్. తల్లిదండ్రుల్ని తూలనాడినవాడికి, ఆమెన్. ఆ తర్వాత వచ్చేది పొరుగువాడి హద్దు జరిపినవాడి వంతు.

అక్కడే చిక్కు. అందరూ ఆమెన్ అనేశాక, బల్లల మీద జనం మళ్ళీ కుదురుకున్నాక, ఇంకో ఆమెన్ వినబడేది. ఒక్క గొంతు, బొంగురుది. ఆ గొంతు పొరుగు రైతు ఓబెద్ టిల్లీది. ఓబెద్ టిల్లీ చచ్చిపోయి ఏళ్ళు గడిచాయి. అతన్ని పాతిపెట్టి మట్టి చల్లింది కార్బెల్ గారే.

ఓబెద్ బతికున్నన్నాళ్ళూ ఆమెన్ అలాగే అనేవాడు. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి చెవులు పోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళు తెరుచుకుని మూసుకోవడం చూసి, ఇక తన వంతనుకుని, చర్చి అదిరేలా ఆమెన్ అనేవాడు. పిల్లలు దానికోసమే కాచుక్కూచునేవాళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి అయ్యగారికి జీతం దండగ అని కుర్రకారు నవ్వేవాళ్ళు. కార్బెల్ గారు మాత్రం ఆ ఆలస్యపు ఆమెన్ వచ్చేదాకా ఆగి, చిన్నగా నవ్వి, తర్వాత పేజీ తిప్పేవాడు. అదొక్కటీ ఆయనలో మంచి గుణమని డోర్కస్ టిల్లీ, ఓబెద్ భార్య, నలుగురిలో చెప్పుకునేది.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ శాపాల వరసలో మనుషుల్ని కొన్నవాడికి అన్న మాట లేదు. ఉంటే దానికి ఆమెన్ అనేవాళ్ళు చర్చి మేడమీద, వెనక చెక్కబల్లల మీద కూర్చోబెట్టిన నల్లవాళ్ళు మాత్రమే అయ్యుండేవాళ్ళు. కార్బెల్ గారి పొగాకు పండించేది వాళ్ళే, ఆయన ఇల్లు ఊడ్చేది వాళ్ళే. కానీ వరసలో లేదు కాబట్టి ఆ విషయంలో అయ్యగారికి ఏనాడూ నిద్ర చెడలేదు. ఆయన నిద్ర చెడగొట్టింది ఒక నీళ్ళ ఊట.

ఆ ఊట కార్బెల్ గారి భూమికీ టిల్లీ వాళ్ళ భూమికీ మధ్యన, టిల్లీ వాళ్ళ వైపు ఉండేది. ఉప్పుటేటి పక్క నేల కదా, బావి తవ్వితే ఎక్కడైనా ఉప్పు తగిలేది. ఆ ఊట ఒక్కటే తియ్యన. దాని ఇవతల ఉన్న పెద్ద ఓక్ చెట్టు రెండు భూములకూ హద్దు. దాని మాను మీద గొడ్డలితో వేసిన గంట్లుండేవి. ఒక ఏడాది గాలివానకు ఆ చెట్టు మొదలు దగ్గర విరిగి కూలిపోయింది. ఆ ఏడాదే ఎండలకు కార్బెల్ గారి బావి ఉప్పెక్కింది, పొగాకు నారు మడిలోనే మాడింది.

అక్కడ నాలుగేళ్ళకోసారి హద్దు నడక ఉంటుంది. చర్చి పెద్దలు మనుషుల్ని పంపుతారు. భూమి ఉన్నవాళ్ళు, వాళ్ళ పొరుగువాళ్ళు కలిసి హద్దు వెంబడి నడిచి, హద్దు చెట్ల మీద గంట్లు మళ్ళీ కొట్టిస్తారు. అభ్యంతరం ఉంటే అప్పుడే చెప్పాలి. ఒక గీత మీద మూడుసార్లు నడిచీ ఎవరూ కాదనకపోతే ఇక అది శాశ్వతం. ఆపైన రాజుగారు దిగివచ్చినా మారదు.

చెట్టు కూలిన ఏడాది నడక నడిపించడానికి వచ్చిన పెద్ద కెప్టెన్ స్ట్రోడ్. మంచివాడే, తొందర ఎక్కువ. కార్బెల్ గారు అందరికన్నా ముందు నడిచి, ఊట దాటి, అవతలి ఒడ్డున ఇంకో ఓక్ చెట్టు కింద నిలబడ్డాడు. టోపీ తీశాడు. తల వంచాడు. చర్చిలో చదివే గొంతుతో, అదే సాగదీతతో, మన పితరులు నిర్ణయించిన హద్దు ఇదే కదా సహోదరుడా అన్నాడు. ఓబెద్ ఆయన్ని చూశాడు, టోపీ తీశాడు, ఆగాడు, ఆమెన్ అన్నాడు. అందరూ నవ్వారు. స్ట్రోడ్ కూడా నవ్వి, సరే కొట్టండి గంటు అన్నాడు. కార్బెల్ గారు కొన్న నల్లవాళ్ళలో గొడ్డలి పని చేసే క్వాకో ఆ చెట్టు మీద గంట్లు కొట్టాడు. కంచే చేను మేస్తే కాదనేవాడెవడు?

ఆ చలికాలం ఓబెద్ పోయాడు. రెండో నడకకు డోర్కస్ ఒక్కతే వచ్చింది. చెట్టు దగ్గర నిలబడింది, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి బిందె పట్టుకొచ్చి, అయ్యగారూ నీళ్ళు పట్టుకోనా అని అడగడం మొదలుపెట్టింది. అయ్యో దానికేముంది డోర్కసమ్మా, అనేవాడు ఈయన. ఏనాడూ అడక్కుండా పట్టుకోలేదు. ఏనాడూ ఈయన అడగొద్దని అనలేదు.

శాపాల రోజున ఆ గొంతు వినబడటం ఓబెద్ పోయిన ఏడాదే మొదలైంది. మొదటిసారి కార్బెల్ గారు ఉలిక్కిపడి చూస్తే, ఓబెద్ కూచునే బల్ల మీద డోర్కస్ ఒక్కతే చేతులు ముడుచుకుని ఉంది. ఎవరూ తల తిప్పలేదు. ఆయనకొక్కడికే వినబడింది. దొంగకు తేలు కుట్టినట్టు గప్‌చిప్‌గా తర్వాతి శాపంలోకి వెళ్ళిపోయాడు. తర్వాతిది గుడ్డివాణ్ణి దారి తప్పించినవాడికి. అది ఆయన గొంతులో సగానికి విరిగింది.

మరుసటి ఏడు ఆ ఒక్క శాపాన్నీ ఎగరగొట్టి చదివాడు. చదవని శాపానికి కూడా ఆమెన్ వచ్చింది. ఆ పై ఏడు జ్వరమని ఇంట్లో పడుకుని, ఏటి అవతలి అయ్యగారిని పిలిపించాడు. ఆ మధ్యాహ్నం ఒక్కడే బల్ల ముందు కూచుని, మొక్కజొన్న రొట్టె మీద చేతులుంచి భోజన ప్రార్థన చేసుకుంటే, ప్రార్థన ముగిసిన కాసేపటికి వంటింటి వైపు నుంచి ఆమెన్ అని వినబడింది. రొట్టె తినలేకపోయాడు. ఆ తర్వాత ఆయన ప్రార్థనలు పొట్టివయ్యాయి. చివరి మాట అనగానే లేచి కుర్చీ జరిపి చప్పుడు చేసేవాడు, ఆ గొంతు వినబడకుండా. చప్పుడు ఆగాక వచ్చేది. ఓబెద్‌కి ఆలస్యం కొత్తేమీ కాదు కదా.

భయం అంటే ఏమిటో అరవై దాటాక తెలుసుకున్నాడు ఆయన. అంతకన్నా సిగ్గు. బతికుండగా ఆ గొంతు కోసం ఆగి నవ్వినవాడు, ఇప్పుడు దాన్నుంచి పరిగెత్తుతున్నాడు.

మొదటి నడకకు ఎనిమిదేళ్ళు గడిచాయి, మూడో నడక ఆ వసంతంలో పడనుంది. భస్మ బుధవారం తర్వాత రెండు వారాలకు. పైగా బ్రిస్టల్ నుంచి మేనల్లుడు దిగాడు, పిల్లలు లేని కార్బెల్ గారికి వారసుడు. వచ్చీ రాగానే భూమంతా తిరిగి చూసి, ఊట చుట్టూ కంచె వేసి గుర్రాలకు వదిలేద్దాం మామయ్యా, హద్దు ఖాయం కానీ అన్నాడు. గుర్రాలన్న మాటకు కార్బెల్ గారికి డోర్కస్ బిందె కళ్ళముందు మెదిలింది. తను ఉన్నన్నాళ్ళూ నీళ్ళు పట్టుకోనిస్తాడు. తను పోయాక ఆ ముసలావిడ ఉప్పునీళ్ళే తాగాలి.

అందుకని ఒకరోజు టోపీ పెట్టుకుని టిల్లీ వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. డోర్కస్ వాకిట్లో మొక్కజొన్న దంచుతోంది. ఊటా, దాని చుట్టూ ఉన్న నేలా ఆమెకు దానంగా రాసిచ్చేస్తానని చెప్పాడు. చర్చిలో పేదలకు చేసే సాయం గురించి రెండు మాటలు కూడా కలిపాడు. ఆవిడ రోకలి ఆపలేదు.

“నా నీళ్ళు నాకు దానమిస్తారా అయ్యగారూ?”

 హద్దు సంగతి నీకు తెలుసా అని ఆయన అడిగాడు. ఆవిడ తెలుసనీ అనలేదు, తెలీదనీ అనలేదు. దానమైతే తీసుకోనంది. బిచ్చం ఎత్తుకునే దాకా రాలేదంది.

“మరి ఏం చెయ్యమంటావు డోర్కసమ్మా?”

“చేసేదేముంది, చెప్పడమే. ఆరోజు నడిచినవాళ్ళ ముందు చెప్పండి. ఎత్తుకున్నది నలుగురిలో కదా, దించేది నా వాకిట్లోనా?”

నడక దగ్గర చెప్పడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఆయన ధైర్యమంతా చర్చి లోపలే. అక్కడ ఏ మాటైనా గడగడా వచ్చేది. సరే చర్చిలోనే చెప్పేస్తాననుకున్నాడు. భస్మ బుధవారం నాడు ఆ శాపం చదివాడు, సభ ఆమెన్ అంది, ఆయన ఆగాడు. ఆలస్యపు ఆమెన్ వచ్చింది. పుస్తకం మూసి, ఆ పాపిని నేనే అన్నాడు. నా పొరుగువాడి హద్దు జరిపినవాణ్ణి నేనే, నాలో మంచి అనేది లేదు, నన్ను క్షమించండి అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

సభలో ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు తీశారు. కెప్టెన్ స్ట్రోడ్ గట్టిగా ముక్కు చీదాడు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగరు మరి. ప్రతి ఆదివారం ఆ చర్చిలో అందరూ కలిసి మేము దౌర్భాగ్యులం, దారి తప్పినవాళ్ళం, మాలో ఏ మంచీ లేదు అని ఒక్క గొంతుతో చెప్పుకుంటారు. చెప్పుకుని ఇంటికెళ్ళి పందిమాంసం తింటారు. ఆ కప్పు కింద ఎవరైనా నేను పాపిని అంటే, బాగున్నారా అన్నట్టే వినబడుతుంది. ఆ సాయంత్రం స్ట్రోడ్ ఇంటి నుంచి పొగబెట్టిన పంది తొడ ఒకటి వచ్చింది, ఇంత వినయం గల అయ్యగారు ఈ గడ్డ మీద లేరన్న కబురుతో. మాంసం ముట్టకూడని శ్రమకాలం మొదటిరోజున పంది తొడ. మేనల్లుడు సంతోషంగా కోసుకున్నాడు. కార్బెల్ గారు దాని వైపు చూస్తూ కూచున్నాడు. చెప్పేశాడు, అయినా చెప్పనట్టే ఉంది. చెవులున్న ఊరంతా చెవిటిదైతే ఇక ఎవరికి చెప్పుకోవాలో ఆయనకు తెలియలేదు.

హద్దు నడక రోజు మబ్బు పట్టింది. స్ట్రోడ్, అతనితో ఇంకో ఇద్దరు రైతులు, మేనల్లుడు, గొడ్డలి భుజాన వేసుకుని క్వాకో. డోర్కస్ బిందె లేకుండా వచ్చింది. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, గంట్లు కొట్టించుకుంటూ ఊట దగ్గరికి వచ్చారు. ఊట ఒడ్డున పాత ఓక్ మాను పడినచోటే పడి ఉంది. దాని మోడు మాత్రం చిగుళ్ళు వేస్తోంది. అందరూ దాన్ని దాటి, అవతలి చెట్టు కింద చేరారు. ఇదే మూడోసారి అని స్ట్రోడ్ గుర్తు చేశాడు. అభ్యంతరముందా అయ్యగారూ అని మాటవరసకు అడిగి, సమాధానం రాకముందే గొడ్డలి వైపు చెయ్యి ఊపాడు.

కార్బెల్ గారు ఆగమన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“ప్రియ సహోదరులారా, మన దౌర్బల్యమును ఎరిగిన తండ్రి ఎదుట...”

అలవాటు. స్ట్రోడ్ చెయ్యి దానంతటదే టోపీ మీదికి వెళ్ళింది. మిగతావాళ్ళూ తీశారు. క్వాకో గొడ్డలి నేలకు ఆనించి తల వంచాడు. ఆ వంచిన తలల్ని చూసి కార్బెల్ గారికి మొదటి నడక గుర్తొచ్చింది. ఇంకొక్క క్షణం అయితే ఎవరో ఒకరు ఆమెన్ అనేసేవాళ్ళు, ఊట పోయేది.

“టోపీలు పెట్టుకోండి బాబూ,” అంది డోర్కస్. “ఇది ప్రార్థన కాదు. అయ్యగారూ, పందుల్ని కేకేస్తారే, ఆ గొంతుతో చెప్పండి.”

ఎవరో కిసుక్కుమన్నారు. కార్బెల్ గారు ఆవిణ్ణి చూశాడు. తర్వాత నిజంగానే ఆ గొంతుతో, గరుగ్గా, ఊపిరాడనట్టు చెప్పాడు.

“ఇది హద్దు కాదు. ఆ మోడు హద్దు. ఊట టిల్లీ వాళ్ళది. నేను నొక్కేశాను.”

మేనల్లుడు మామయ్యా అన్నాడు. స్ట్రోడ్ టోపీ సగం పెట్టుకుని ఆగిపోయాడు.

“అదెలాగయ్యగారూ? ఓబెద్ ఒప్పుకున్నాడు. ఆమెన్ అనడం నా చెవులతో విన్నాను నేను.”

“ప్రార్థన అనుకుని అన్నాడయ్యా. అలా అనుకోవాలనే నేను టోపీ తీసింది. చెవిటివాణ్ణి మోసం చేశాను.”

చెప్పేశాక ఆయన గుండె మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఇన్నేళ్ళకు ఇంత మాట చెప్పాను కదా, ఇక ఆ గొంతు నన్ను వదిలేస్తుందనుకున్నాడు. డోర్కస్ వైపు తిరిగాడు, క్షమించమని అడగడానికి.

“అనుకోలేదు,” అంది డోర్కస్.

“ఏమిటమ్మా?”

“ప్రార్థన అనుకోలేదు ఆయన. చెవుల్లేవు గానీ కళ్ళున్నాయి కదా. నోరు చూసి మాట పట్టేవాడు. నాతో కాపురమంతా అట్టాగే చేశాడు. చర్చిలో అన్నేళ్ళు మీ నోరే చూశాడు, మీరేమంటే అది తెలిసిపోయేది. ఆరోజు ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటా చెప్పాడు నాతో. అయ్యగారు అబద్ధమాడాడే డోర్కస్, అన్నాడు. పెదాలు వణికిపోతన్నాయి పాపం, ఇంకాసేపైతే స్ట్రోడ్ బాబు కనిపెట్టేవాడు, నలుగురిలో పరువు పోయేది. చూళ్ళేక ఆమెన్ అనేశాను, అన్నాడు.”

ఊట నీళ్ళు రాళ్ళ మీద పారుతున్నాయి. 

“నేను తిట్టాను,” అంది డోర్కస్. “నీళ్ళెవడిచ్చాడు నీకు దానం చెయ్యడానికి అన్నాను. ఆయన నవ్వాడు. దేవుడి మనిషి, ఆయనే చెబుతాడు, అందాకా నువ్వు నోరెత్తకు అని ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. ఇన్నాళ్ళు పడుతుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.”

స్ట్రోడ్ దగ్గాడు. మనిషి మంచివాడే అన్నాను కదా, కానీ చట్టం అతనికి కొరుకుడు పడినంతగా మనసు పడదు. తెలిసి ఆమెన్ అన్నాడంటే భర్త ఇష్టపూర్తిగా వదులుకున్నట్టే లెక్క అన్నాడు. అప్పుడు మోసమన్నదే లేదు. భూమి అయ్యగారిదే. ఆయన ఊ అంటే ఈ చెట్టు మీదే గంటు కొట్టిస్తానన్నాడు. మేనల్లుడి ముఖం వికసించింది.

“ఆయన ఇచ్చాడు,” అంది డోర్కస్. “నేనివ్వలేదు. ఆ మోడు మీద కొట్టు క్వాకో.”

క్వాకో గొడ్డలి ఎత్తలేదు. ఆవిడ చెబితే ఎత్తే వీలు అతనికెక్కడిది? తనను కొన్నవాడి వైపు చూశాడు.

కార్బెల్ గారికి వాళ్ళెవరూ కనిపించడం లేదు. టోపీ చేత్తో పట్టుకుని, తన నోటి వైపే చూస్తూ నిలబడిన ఓబెద్ కనిపిస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆ గొంతు శపిస్తోందనుకుని పరిగెత్తాడు. శాపమైతే తట్టుకునేవాడు, అది తను నలుగురికీ చదివి పెట్టిందే. ఆ మనిషి తనమీద జాలిపడ్డాడు. ఆ రోజు మొదలు పోయేదాకా ప్రతి ఆదివారమూ తన నోరు చూస్తూ కూచున్నాడు, ఈవేళ చెబుతాడేమో అని. ఆ మాట తలకెక్కేసరికి ఆయనకు నిలబడ్డచోట నిలబడి ఏడవాలనిపించింది. ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించింది.

ఏ చెట్టు మీద కొట్టించమంటారని స్ట్రోడ్ మళ్ళీ అడిగాడు. కార్బెల్ గారు మోడు వైపు చెయ్యి చూపి నోరు తెరిచాడు. చర్చి గొంతూ రాలేదు, పందుల్ని పిలిచే గొంతూ రాలేదు. పెదాలు మాత్రం కదిలాయి, నెమ్మదిగా, స్పష్టంగా, చెవులు లేనివాడికి కూడా అర్థమయ్యేలా.

కొట్టు.

క్వాకో ఆయన నోటి వైపు చూశాడు. ఊట దాటి వెళ్ళి, పాత మోడు మీద గొడ్డలి వేశాడు.